పంతులుగారి నల్లగొడుగు

శుక్రాచార్యుని శాపమువలన యయాతి మహారాజు ఒక్క దినములోనే ముసలివాడయ్యెను. తల నెరసెను, ఒడలు ముడుతలు పడెను. భోగములపై ఆశ చావని యా రాజు కొడుకులను ఒక్కొక్కరినే పిలిచి, తన ముదిమిని తీసికొని వారి జవ్వనమును తనకిమ్మని అడిగెను. నలుగురు వెనుకకు తగ్గిరి. కడగొట్టువాడైన పూరుడు మాత్రము సమ్మతించెను. ఆదిపర్వమునందలి ఈ కథ తెలుగు ఉపాధ్యాయులకు క్రొత్తది కాదు. అయితే ఈనాడు ముదిమికి వెరచి తల్లడిల్లుచున్నవారు ఏండ్లు చెల్లిన యయాతులు కారు. ఇరువది నిండీ నిండని పూరులే. శాపమిచ్చిన ముని యెవడును లేడు. చేతిలోని ఫోనే అద్దమై, ఆ అద్దమే అంగడియై, నుదుటి మీది సన్నని గీతను చూపి వేయి రూపాయల సీసాను అమ్ముచున్నది.

ఈ భయమును పెద్దలు నవ్వి త్రోసివేయుట సులభము. కాని అది పూర్తిగా అర్థములేని భయము కాదు. వయసుకు ముందే చర్మము ముదురుట నిజమే. దానికి బీజము బాల్యయౌవనములందే పడుట కూడ నిజమే. పొరపాటు రెండుచోట్ల జరుగుచున్నది: దేనికి భయపడవలెనో తెలియకపోవుట ఒకటి, మందనుకొన్నదే విషమగుట రెండవది.

ఏ యింటనైనను అరువదియేండ్ల రైతు చేతిని పరిశీలించినచో మొదటి సంగతి బోధపడును. ముంజేతి వెనుకభాగము మచ్చలుపడి, గరుకుదేరి, చిటికెతో పట్టి విడిచిన తోలు నెమ్మదిగా గాని యథాస్థానమునకు పోదు. అదే చేతిని పైకెత్తించి, చంకకు దిగువనున్న లోపలిభాగము చూడుడు. అక్కడి తోలు నున్నగా, మెత్తగా, సమానమైన రంగుతో నుండును. రెండును ఒకే యేట పుట్టినవి, ఒకే అన్నము తిని పెరిగినవి. ఒకటి ఎండను చూచినది, రెండవది చూడలేదు, తేడా అంతే. ఆ రైతు మెడ వెనుక అడ్డదిడ్డముగా చీలిన లోతైన ముడుతలకు పాశ్చాత్య వైద్యులు ఒక లాటిన్ పేరే పెట్టియున్నారు. ముదిమి గుర్తులని లోకము పిలుచువానిలో అధికభాగము కాలము చేసినది కాదు, సూర్యుడు చేసినది.

2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అను అమెరికా వైద్యపత్రిక ఒక లారీ డ్రైవరు ఫోటోను ప్రకటించెను. అతని వయసు 69 ఏండ్లు. అందు 28 ఏండ్లు బండి నడిపినవాడు. అమెరికాలో డ్రైవరు ఎడమప్రక్క కూర్చుండును. కిటికీవైపు నున్న ఎడమచెంప దుక్కిదున్నిన నేలవలె గాడులు పడియుండగా, కుడిచెంప పది పదిహేనేండ్లు చిన్నవానిదివలె కన్పించును. ఒకే ముఖమున ఇద్దరు మనుష్యులు! ఇచ్చట డ్రైవర్లు కుడిప్రక్క కూర్చుందురు గనుక, బస్సు నడుపువారి కుడిచెంపను గమనించు కుతూహలము ఎవరికైన కలిగినచో తప్పు లేదు. కిటికీ అద్దము మూసియున్నను ఇది జరుగుటయే ఆ ఫోటోలోని విశేషము.

దానికి కారణము ఎనిమిదవ తరగతి విద్యార్థికి కూడ చెప్పదగినదే. సూర్యకాంతిలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు కలవు. నేలకు చేరువానిలో రెండు జాతులు: ఎ, బి. బి జాతి చర్మపు పైపొరను కమిలించును. అద్దము దానిని చాలవరకు ఆపును. ఎ జాతి అంతగా మంటపుట్టింపదు, అంతగా కమిలింపదు; కాని అద్దమును దాటి, పైపొరను కూడ దాటి లోపొరను చేరును. నేలకు చేరు అతినీలలోహిత కిరణములలో నూటికి 95 వంతులు ఈ జాతివే. లోపొరలో కొల్లాజెన్ అను మాంసకృత్తి పోగులు, సాగి మరల ముడుచుకొను ఎలాస్టిన్ పోగులు, నేతలో పడుగు పేకలవలె అల్లుకొని చర్మమునకు బిగువు నిచ్చుచున్నవి. ఎండ తగిలినప్పుడు కొల్లాజెన్‌ను తెంచు ఎంజైములు చర్మములో పెరుగునని మిషిగన్ విశ్వవిద్యాలయమునందు ఫిషర్, వూర్హీస్ మొదలగువారు 1996, 1997 సంవత్సరములలో నిరూపించిరి. చర్మము ఎర్రబారుటకు చాలనంత కొద్దిపాటి ఎండకే ఆ ఎంజైములు మేల్కొనెను! తెగిన పోగులను శరీరము మరల అతుకును. కాని ఎంత నేర్పుగల రఫ్పువాడు కుట్టినను గుడ్డ మొదటివలె కాదుగదా. ఇరువదియేండ్ల ముఖమున ఆ అతుకులు కనబడవు. నలువదియేండ్లకు అవే ముడుతలు.

ఇచ్చట ఒక మెలిక యున్నది, తెలుగువారు తప్పక తెలిసికొనవలసినది. చామనచాయ, నల్లని చర్మములలో మెలనిన్ అను వర్ణద్రవ్యము సమృద్ధిగా నుండును. అది కిరణములను పీల్చుకొని లోపొరను కాపాడును. నల్లవారి పైపొర తెల్లవారి పైపొరకంటె ఎన్నోరెట్లు గట్టిగా బి జాతి కిరణముల నడ్డునని 1979లోనే కొలిచి చెప్పిరి. కనుకనే ఐరోపావారికి ముప్పదియేండ్లకే కన్పించు సన్నని ముడుతలు ఇచ్చట ఆలస్యముగ వచ్చును. వారికి ముందు ముడుతలు, తరువాత మచ్చలు; ఇచ్చట ముందుగా వచ్చునది మంగు, మచ్చ, ఒక్కొక్కచోట ఒక్కొక్క రంగు. నలుపు పుట్టుకతో వచ్చిన గొడుగు. అది పూర్తిగా కాపాడదు, చిల్లులు లేకపోలేదు, కాని గొడుగే.

ఆ గొడుగును నడియెండలో మడిచి పారవేయుటకే యువతీయువకులు డబ్బు చెల్లించుచున్నారు. ఇంతకంటె విచిత్రమేమున్నది! తెలుపు చేయునని మందుల దుకాణములలో చేతికి చేయిగా అమ్మబడు లేపనములలో కొన్నిట బేటామెథసోన్, క్లోబెటసాల్ వంటి స్టిరాయిడ్ మందులు కలసియుండును. ఇవి కొన్ని చర్మవ్యాధులకు వైద్యుడు కొద్దిదినములకై, కొద్దిచోట పూయుమని చెప్పు మందులు. ముఖమునకు నెలల తరబడి పూసినచో మొదట తెల్లబడినట్లే యుండును, స్నేహితురాండ్రు మెచ్చుకొందురు. పిమ్మట చర్మము ఉల్లిపొరవలె పలుచబడి, లోని రక్తనాళములు ఎర్రని దారములవలె పైకి కన్పించును. మొటిమలు లేచును, వెండ్రుకలు మొలచును, ఎండలోనికి పోగానే మంట. మానివేసినచో అన్నియు రెట్టింపగును. కనుక మరల పూయుదురు. ఏ కొల్లాజెన్ తరుగుటను ముదిమి అనుచున్నారో, దానినే ఈ మందు తరుగజేయును. ముసలితనము రాకుండ పూసినది ఇరువదిరెండేండ్లకే ముసలిచర్మమును తెచ్చును. 2018లో కేంద్ర ప్రభుత్వము 14 స్టిరాయిడ్ మందుల లేపనములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నియమము చేసెను. భారతదేశపు చర్మవైద్యుల సంఘము దీనికై ఏండ్లతరబడి పోరాడినది. నియమము పుస్తకమున నున్నది. దుకాణములో ఎంత యున్నదో గ్రామమునందలి ఏ బాలికనడిగినను చెప్పును. పాదరసము కలసిన తెలుపు లేపనములు ఇంకను ఘోరమైనవి, అవి మూత్రపిండములనే చెరచును. 2023లో కేరళలోని మలప్పురము జిల్లా వైద్యులు అట్టి రోగులను గుర్తించి హెచ్చరించిరి.

మరి నిజముగా పనిచేయునది ఏది? ఈ విషయమున మంచి సాక్ష్యము ఆస్ట్రేలియాలోని నాంబూర్ అను చిన్నపట్టణమునుండి వచ్చినది. 1992 మొదలు 1996 వరకు అచ్చటి జనులలో కొందరిని ప్రతిదినము సన్‌స్క్రీన్ లేపనము పూసికొనుమనిరి. కొందరిని వారి యిష్టమునకు విడిచిరి. ఏబదియైదేండ్ల లోపువారు 903 మంది చేతి వెనుకభాగపు అచ్చులు తీసి, మొదటి అచ్చును నాలుగున్నరయేండ్ల తరువాతి అచ్చుతో పోల్చిరి. 2013లో ప్రకటించిన ఫలితము ఇది: దినదినము పూసికొన్నవారిలో చర్మపు ముదిమి రెండవ వర్గమువారికంటె నూటికి 24 వంతులు తక్కువ. ఆ పరిశోధనలోనే కొందరికి బీటా కెరోటిన్ మాత్రలు కూడ ఇచ్చిచూచిరి. మాత్రలవలన చెప్పదగిన మేలు కనబడలేదు. నాంబూరువారు చాలవరకు తెల్లనివారు గనుక ఆ అంకెను తెలుగువారికి యథాతథముగ అన్వయింపరాదు. త్రోవ మాత్రము అదే.

లేపనము కొనగలవారు 30 లేక అంతకు మించిన సంఖ్యగలదానిని, ఎ జాతి కిరణములను కూడ ఆపునని వ్రాసియున్నదానిని ఎంచుకొని, రెండు వ్రేళ్ల పొడవున తీసి ముఖమునకు మెడకు పూసికొనవలెను. బఠానీగింజంత పూయుట పూయకపోవుటతో సమానము. ఎండలో నుండువారు రెండు గంటలకొకసారి మరల పూయవలెను. పొగత్రాగువారి సంగతి చెప్పనక్కరలేదు. చూచినంతనే గుర్తుపట్టదగిన వారి ముఖలక్షణములను 1985లోనే ఒక బ్రిటిషు వైద్యుడు వర్ణించెను. ఇక రెటినాల్ మొదలైన ఘాటైన ద్రవ్యములు పండ్రెండేండ్ల బాలికల చేతికి వచ్చుట వట్టి వ్యాపారము. లేత చర్మమునకు వానితో పని లేదు.

కొనలేనివారికి గుడ్డ యున్నది. గుంటూరు మిరపచేలలో పనిచేయు స్త్రీలు చీరపై మగవారి పొడుగుచేతుల చొక్కా తొడిగి, తలకు తువ్వాలు చుట్టుకొందురు. వారికీ శాస్త్రము ఎవరును చెప్పలేదు. పలుచని తెల్లబట్టకంటె దట్టముగా నేసిన రంగుబట్ట మేలని వారి వాడుకయే సాక్ష్యము. విజయవాడ, హైదరాబాదు వీథులలో స్కూటరుపై పోవు యువతులు కన్నులు తప్ప ముఖమంతయు చున్నీతో కప్పుకొనుటను చూచి పరిహసించువారు కలరు. నల్లబడుదుమని వారి భయము. ఆ కారణము తప్పు, ఆ పని ఒప్పు. పరిహసించు యువకుడో, టోపీ పెట్టుకొనుట మగతనమునకు లోపమని తలచి బోడినెత్తితో పోవుచున్నాడు. ఏబదియేండ్లకు ఇద్దరి ముఖములను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలసినదే.

అయితే ఎండను శత్రువుగా చూపి పిల్లలను గదులలో బంధించుట మరియొక అపచారము. ఎముకలకు వలసిన డి విటమిను ఎండవలననే చర్మములో తయారగును. అది చాలనివారు ఈ దేశమున కోకొల్లలు. ఆటలు మాన్పరాదు, వేళ మార్చవలెను. దీనికి గడియారముకంటె నీడ మంచి గురువు. మనిషి నీడ మనిషికంటె పొట్టిగా నున్నంతసేపు ఎండ తీక్ష్ణము, పొడుగైనప్పుడు మృదువు. ఏప్రిల్ నెలలో హైదరాబాదున సుమారు తొమ్మిదింబావు మొదలు మూడుంబావు దాటువరకు నీడ పొట్టిదే. రెండు తెలుగు రాష్ట్రములును కర్కటరేఖకు దక్షిణముననున్నవి గనుక, ప్రతి ఊరియందును ఏటికి రెండు దినములు సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. హైదరాబాదున అది మే 9, ఆగస్టు 3 ప్రాంతముల జరుగును. ఆనాడు మిట్టమధ్యాహ్నము నిలువుకర్రకు నీడయే లేదు. భూగోళపాఠముగ దీనిని చూపు ఉపాధ్యాయులున్నారు. అదే నిమిషమున ఆరోగ్యపాఠమును కూడ చెప్పవచ్చును.

కాని పాఠశాల తాను చేయుచున్నదేమి? వేసవిలో ఒంటిపూట బడులు పిల్లలమీది దయతోనే పెట్టుచున్నారు. ఉదయము చల్లనివేళ తరగతిలో కూర్చుండబెట్టి, పన్నెండున్నరకు, నీడ పాదములచుట్టును ముడుచుకొనియున్నవేళ, వారిని నడిరోడ్డుమీదికి విడుచుచున్నారు. ప్రార్థనవేళ ఉపన్యసించువారు వసారాలో నుందురు, వినువారు ఎండలో నుందురు. ఆలస్యముగ వచ్చినవానిని ఎండలో నిలబెట్టుట 2009 నాటి విద్యాహక్కు చట్టము వచ్చిన తరువాత కూడ పలుచోట్ల శిక్షగా లెక్కకే రాదు. ఆస్ట్రేలియాలోని చాల బడులలో టోపీ లేని బిడ్డకు ఆరుబయట ఆట లేదను నియమమున్నది. 1981లో అచ్చట మొదలైన ప్రచారము ఒక తరమువారి అలవాటునే మార్చినది. ఇచ్చటి బడిదుస్తులలో టై యున్నది, టోపీ లేదు.

తెలుగు పల్లెలలో ఒకప్పుడు పంతులుగారనగా కండువా, చేసంచి, నల్లగొడుగు. వానలున్నను లేకున్నను ఆ గొడుగు తోడుండెడిది. పిల్లలు దానిని చూచి చాటున నవ్వుకొనెడివారు. 2013లో అమెరికా పరిశోధకులు రకరకముల గొడుగులను ఎండలో విప్పి కొలిచిరి. నల్లగొడుగులు అతినీలలోహిత కిరణములలో నూటికి 90 వంతులకు తక్కువకాకుండ ఆపెను. నేలనుండి, గోడలనుండి చిమ్మివచ్చు వెలుతురును గొడుగు ఆపజాలదు గాని, నూటయేబది రెండువందల రూపాయలకు దొరకు వస్తువునుండి ఇంతకుమించి కోరుట అన్యాయము.

జూన్ మాసమున బడులు తెరచునప్పుడు ఆవరణమున కానుగ, వేప మొక్కలు నాటుట మంచి ఆచారము. ఆ చెట్లక్రింద ఒక తరగతి నిలువవలెనన్న ఏండ్లు పట్టును. అంతవరకు ప్రార్థనను వసారా నీడవైపు జరుపుటకును, వ్యాయామపు గంటను మొదటి గంటగా మార్చుటకును ప్రధానోపాధ్యాయుని ఒక్క సంతకము చాలును.