శాలువాకి బదులు ప్యారాచూట్ ఇచ్చాం



ఉగాది కార్యక్రమం అయ్యాక హాలు బయట కాఫీల దగ్గర మొదలైన వాదన మన వాట్సాప్ గ్రూపులో ఇంకా నడుస్తూనే ఉంది. "అరవై దాటినవాళ్లకి ఆకాశంలోంచి దూకడాలేంటి, కాలు విరగ్గొట్టుకోవడం కాకపోతే" అని ఒక పెద్దాయన రాశారు. చాలామంది బొటనవేలు గుర్తు పెట్టి సరేనన్నారు. ఆ కాలు విరగడంలో తప్పు మాది కాబట్టి, మేం కూడా కాస్త మాట్లాడాలి.

తెలియనివాళ్ల కోసం జరిగింది చెప్తాం. మన దగ్గర ఎవరికి అరవై నిండినా ఒక శాలువా, మైసూరు పేట, గంధపుచెక్క దండ, పళ్లబుట్ట ఇవ్వడం ఆనవాయితీ. మా అన్నగారు (పేరెందుకు, అందరికీ తెలిసినాయనే) అవేవీ వద్దన్నారు. దసరాకి వైమానిక దళం ఆకాశగంగ జట్టు ప్యారాచూట్లతో దిగుతుంటే మెడ నొప్పెట్టేదాకా పైకి చూసే మనిషి ఆయన. ఒకప్పుడు మన మండకళ్లి విమానాశ్రయంలోనే స్కైడైవింగ్ శిబిరాలు జరిగేవి. అప్పుడు ఆయనకి పిల్లల ఫీజులు, ఇంటి లోను. అందుకని మేం ఎనిమిది మందిమి చందా వేసుకుని, ఉత్తరాదిలో ఒక చోట ట్యాండెం జంప్ బుక్ చేసి, రైలు టికెట్లతో సహా ఆయన చేతిలో పెట్టాం. ట్యాండెం అంటే శిక్షకుడి ఛాతీకి మనల్ని పట్టీలతో బిగించి, ఇద్దరూ ఒకే ప్యారాచూట్‌తో దిగడం. తోడుగా మాలో ఇద్దరం వెళ్లాం.

పది వేల అడుగుల ఎత్తు నుంచి దూకు బాగానే జరిగింది. గంటకి దాదాపు 200 కిలోమీటర్ల వేగంతో పడేది అర నిమిషం, ముప్పావు నిమిషం. ఆ తర్వాత ప్యారాచూట్ విచ్చుకుని అయిదారు నిమిషాలు మెల్లగా తేలుతూ దిగడం. అంతవరకు ఆయనకి ఏమీ కాలేదు. నేల దగ్గరపడినప్పుడు శిక్షకుడు "కాళ్లు పైకెత్తండి" అని అరిచాడు. అన్నగారు ఎత్తలేకపోయారు. ఎడమ చీలమండ విరిగింది. ఆరు వారాలు పిండికట్టు.

శిక్షకుడిని తిట్టుకుంటూ రైలెక్కిన మాట నిజమే. ఇంటికొచ్చి, మేమే తీసిన వీడియో మళ్లీ చూశాం. అందులో విమానం ఎక్కకముందు శిక్షకుడు అన్నగారిని కూర్చోబెట్టి కాళ్లెత్తమంటున్నాడు. చేతులతో మోకాళ్ల కింద పట్టుకుని లాగినా కాళ్లు సగమే లేచాయి. పొట్ట అడ్డం. అన్నగారు నవ్వుతున్నారు, శిక్షకుడు మొహమాటంగా నవ్వుతున్నాడు, ఫోను పట్టుకున్న మేం అందరికంటే గట్టిగా నవ్వుతున్నాం. ఆపాల్సింది అక్కడే. ఆ వీడియో మేం గ్రూపులో పెట్టలేదు.

ట్యాండెంలో ముందు వేలాడేది మనం. మన కాళ్లు శిక్షకుడి కాళ్ల కంటే కిందికి ఉంటాయి. వాటిని పైకి మడిచి ముందుకి చాపి పట్టుకుంటే ఇద్దరూ పిరుదుల మీద జారుతూ ఆగొచ్చు. లేకపోతే ముందుగా నేలకి తగిలేది మన పాదం, దాని వెనక ఇద్దరి బరువు. ఆకాశంలో మిగతా పనంతా శిక్షకుడు చూసుకుంటాడు గానీ, ఈ కొద్ది సెకన్ల పని మాత్రం మన పొట్ట కండరాలు, తొడలు, తుంటి కీళ్లు చేయాల్సిందే. డబ్బు కట్టి ఎవరితోనూ చేయించలేం.

మరి ఇది వయసు తప్పేనా? అమెరికా అధ్యక్షుడిగా చేసిన పెద్ద బుష్, యుద్ధంలో 1944లో విమానం కూలిపోతుంటే ప్యారాచూట్‌తో బయటపడిన మనిషి, మళ్లీ 75, 80, 85, 90 ఏళ్లు నిండినప్పుడు దూకారు. 90వ ఏట ఆయన చక్రాల కుర్చీలో ఉన్నారు. ఆయన్ని కట్టుకున్నది సైన్యంలో ఆరితేరిన దూకుడుగాడు. అయినా దిగడం కాస్త మొరటుగానే దిగారు. 2023లో షికాగో దగ్గర డొరతీ హాఫ్నర్ అనే 104 ఏళ్ల అవ్వ చేతికర్ర బండిని విమానం పక్కన వదిలేసి ఎక్కి దూకింది. మన గ్రూపులో ఇలాంటి వీడియోలకి కొదవ లేదు. అవి చూసే కదా మేం టికెట్లు కొన్నది! ఆ అవ్వ మొదటి దూకు నూరేళ్లప్పుడు అని మాత్రం అప్పుడు మేం చదవలేదు. మన దేశంలో రేచల్ థామస్ గారు 2002లో, 47 ఏళ్ల వయసులో ఉత్తర ధ్రువం మీద దూకారు. అప్పటికి ఆవిడ దూకడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. (చీరతో దూకొచ్చా అని మన మహిళా విభాగం వాళ్లు అడిగారు. పుణే శీతల్ మహాజన్ గారు 2018లో తొమ్మిది గజాల చీరతోనే దూకారు. మీరు కంగారు పడకండి.)

కాబట్టి "వయసైపోయింది, వద్దు" అనే మాటా మేం ఒప్పుకోం, "వయసు ఒక అంకె మాత్రమే, దూకేయ్" అనే మాటా ఒప్పుకోం. రెండో మాట నమ్మే అన్నగారి కాలు విరగ్గొట్టాం. మొదటి మాట నమ్మితే ఇంకో నష్టం ఉంది. కట్టు విప్పాక ఆయన మూడు నెలలు గుమ్మం దిగలేదు. "ఇంక చాలు" అనడం మొదలుపెట్టారు. స్కైడైవింగ్ సంగతి కాదు, బస్సెక్కడం కూడా చాలన్నారు. తొడలు సన్నబడిపోయాయి. మమ్మల్ని భయపెట్టింది చీలమండ కాదు, అది.

1990లో అమెరికాలో ఒక ప్రయోగం అచ్చయింది. వృద్ధాశ్రమంలో ఉండే, తొంభై ఏళ్ల చుట్టుపక్కల వయసున్న కొద్దిమందితో ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. కాలి బలం సగటున రెట్టింపు కంటే ఎక్కువే పెరిగింది. తొంభైలో అంత వస్తే అరవై ఒకటిలో రాదా అని అన్నగారిని పట్టుకున్నాం. ముందు వదినగారు మమ్మల్ని పట్టుకున్నారు.

"మీరందరూ కలిసి ఆయన్ని విమానం ఎక్కించారు. ఆరు వారాలు బాత్రూముకి నడిపించింది నేను" అన్నారు. మాలో ఒక్కరికీ నోరు పెగల్లేదు. తర్వాత ఆవిడే, "చేసేదేదో నా కళ్లముందు చెయ్యండి" అన్నారు.

అలా మొదలైంది. ముందు డాక్టరు. బీపీ, గుండె, వెన్ను, కంటి రెటీనా, అన్నీ చూపించాం. జలుబు ఉన్న రోజు విమానం ఎక్కితే దిగేటప్పుడు చెవి పోటెత్తుతుందని కూడా అక్కడే తెలిసింది. ఎముకల సాంద్రత పరీక్ష అన్నగారికి రాయించుకుంటూ, వదినగారికీ చేయించాం. ఆయనవి బాగానే ఉన్నాయి. ఆవిడ ఎముకలు పలచబడ్డాయని తేలింది. ఆ పరీక్ష కోసం మాత్రం ఆవిడ మమ్మల్ని తిట్టలేదు.

తర్వాత చాముండి బెట్ట. వెయ్యి పైచిలుకు మెట్లు. మన తాతలు మొక్కు కోసం ఎక్కారు, మనం కారులో పైకెళ్లి దర్శనం చేసుకుని దిగిపోతున్నాం. మొదటి నెల నూరు మెట్లకే కూర్చునేవాళ్లం. మూడో నెలకి నంది దాకా వచ్చాం. ఎక్కడం గుండెకి మంచిది, తొడలకి మాత్రం అసలు పని దిగేటప్పుడే. ఒక్కో మెట్టు మీద బరువుని ఆపుకుంటూ, కుదుపు లేకుండా, నెమ్మదిగా దిగాలి. మోకాళ్లు బాగోలేనివాళ్లు ఈ పని చేయకండి, కుక్కరహళ్లి చెరువు గట్టు మీద నడవండి, అది చదును.

ఇంట్లో చేసేవి ఇంకా చిన్నవి. చేతులు వాడకుండా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడటం. దూకేటప్పుడు గడ్డం పైకెత్తి, నడుము ముందుకి తోసి, కాళ్లు వెనక్కి మడవాలి. దానికోసం భుజంగాసనం, శలభాసనం. యోగాకి పేరుపడిన ఊళ్లో ఉండి ఇవి నేర్పేవాళ్ల కోసం వెతుక్కోవడం ఏమిటని నవ్వుకున్నాం. చివరిది, అసలైనది: కుర్చీ అంచున కూర్చుని, రెండు కాళ్లూ నడుము ఎత్తుకి లేపి చాపి పట్టుకోవడం. మొదటిరోజు అన్నగారు రెండు సెకన్లు. మాలో చిన్నవాడు, యాభై రెండేళ్లవాడు, నాలుగు. ఆ రోజు నుంచి మేం ఎవరినీ చూసి నవ్వడం మానేశాం.

బరువు సంగతి కూడా చెప్పాలి. చాలాచోట్ల తొంభై, నూరు కిలోల మధ్యలో గీత గీస్తారు. మాతో వచ్చిన ఇద్దరిలో ఒకరిని తూకం దగ్గరే వెనక్కి పంపారు. డబ్బు పోయింది, పరువూ పోయిందనుకున్నారాయన. ఇప్పుడాయన రాత్రి అన్నం మానేసి ఒక్క రాగిముద్ద, బస్సారుతో సరిపెడుతున్నారు. ఆదివారం బెన్నదోసె మాత్రం మానలేదు. మేమూ అడగలేదు.

సంఘం కమిటీకి మా మాట ఒకటుంది. స్కైడైవింగ్‌ని కానుకగా ఇవ్వకండి, మేం ఇచ్చినట్టు. అడ్డుపడనూ పడకండి. అరవై నిండబోయేవాళ్లు ఎవరైనా ఇలాంటి కోరిక చెప్తే, ఒక ఏడాది ముందు నుంచి వారానికి రెండు పొద్దులు వాళ్లతో నడిచేందుకు నలుగురిని ఏర్పాటు చేయండి. ఆ ఏడాది అయ్యాక శిక్షకుడు కాళ్లెత్తమంటే ఎత్తగలిగితే టికెట్ కొందాం. లేకపోతే శాలువా ఎలాగూ ఉంది. హాలు మూలన ఇంకో పాత కుర్చీ వేసి, ఆ కాళ్లెత్తే సాధన అందరం చేద్దాం, పంచాంగ శ్రవణానికి ముందైనా సరే.

అన్నగారు మళ్లీ దూకుతారా అని చాలామంది అడుగుతున్నారు. అది వదినగారి చేతిలో ఉంది. కుర్చీ అంచున ముప్పై సెకన్లు కాళ్లు నిలిపితే అప్పుడు మాట్లాడదాం అన్నారావిడ. గడియారం ఆవిడే పట్టుకుంటారు, ఒక్క సెకను కూడా వదలరు. పోయిన ఆదివారం ఇరవై రెండు దగ్గర ఆగిపోయారు. ఆవిడ పక్క కుర్చీలో కూర్చుని తనూ ప్రయత్నించారు, తొమ్మిది.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి బెట్ట మెట్ల మొదట్లో ఉంటాం. రాదలచుకున్నవాళ్లు బూట్లు వేసుకుని రండి, చెప్పులు వద్దు. బొటనవేలు గుర్తు పెట్టిన పెద్దలకి ప్రత్యేక ఆహ్వానం. దిగొచ్చాక కాఫీ ఖర్చు అన్నగారిది.