రెండు వ్యాసాలు, ఒకే ఆట

పోయిన నెల మా పత్రికకు రెండు వ్యాసాలు వచ్చాయి. ఒకటి నరసరావుపేటలో ఇంజనీరింగ్ చదువుతున్న అమ్మాయి రాసింది. రెండోది మాచర్లలో తెలుగు చెప్పే మాస్టారు పంపారు. కొడుకు ఆడుతుంటే పక్కన కూర్చుని చూశానని, వాడు బడికి వెళ్లాక తానూ ఆడానని ఆయన మొదటి పేరాలోనే చెప్పుకున్నారు. ఇద్దరూ రాసింది ఒకే వీడియో గేమ్ గురించి. పుణెలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ వాళ్లు 2020లో విడుదల చేసిన ‘రాజీ: యాన్ ఏన్షెంట్ ఎపిక్’ అది. కథ చిన్నదే. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముడు గోలూని వెతుక్కుంటూ రాజీ అనే సర్కస్ పిల్ల బయల్దేరుతుంది. దుర్గ, విష్ణువు పైనుంచి చూస్తూ ఆమె కథ మనకు చెబుతుంటారు.

మాస్టారికి ఆట బాగా నచ్చింది. కథ మలుపు తిరిగే చోట తెరమీద నీడబొమ్మలు కదులుతాయి. చిన్నప్పుడు ఊళ్లో తెల్లవార్లూ చూసిన తోలుబొమ్మలాట గుర్తొచ్చి కళ్లు చెమర్చాయని రాశారు. గోడల మీద పహాడీ చిత్రాల రంగుల గురించి రెండు పేజీలు రాశారు. అమ్మాయికి ఆట నచ్చలేదు. పోరాటం బిగుసుకుపోయినట్టుంది, మీట నొక్కిన వేలికీ తెరమీద పడే దెబ్బకీ పొత్తు కుదరలేదు, ఐదారు గంటల్లో అయిపోయింది, అదీ కథ కొలిక్కి రాకుండానే ఆగిపోయింది అంటుంది. బొమ్మ బాగుంటే బొమ్మ చూస్తాం, ఆట అన్నాక ఆడటానికి బాగుండాలి కదా అని ఆమె ప్రశ్న.

ఆట విడుదలైనప్పుడు విదేశాల సమీక్షకులు అన్నవీ సరిగ్గా ఈ రెండు మాటలే. బొమ్మను మెచ్చుకున్నారు, పోరును తప్పుపట్టారు. ఆ ఏడాది ‘ది గేమ్ అవార్డ్స్’లో తొలి ఆట చేసినవాళ్ల విభాగంలో దానికి నామినేషన్ కూడా దక్కింది.

మా సంపాదకవర్గం కూర్చున్నప్పుడు ఒకరు, రెండిట్లో ఏదో ఒకటే వేద్దాం అన్నారు. ఇంకొకరు, సాహిత్య పత్రికలో వీడియో గేములేమిటండీ అన్నారు. ఈ సంపాదకీయం ఆ ఇద్దరు మిత్రులకూ, వాళ్లలాగే అనుకునే పాఠకులకూ నా జవాబు.

పల్నాటిలో పుట్టినవాళ్లకు ఆట అన్నది తేలిక మాట కాదు. మన చరిత్రలో అతి పెద్ద గాయం, పల్నాటి యుద్ధం, ఒక ఆట దగ్గర మొదలైంది. గురజాలలో నలగాముడు, అతని వెనక నాయకురాలు నాగమ్మ. మాచర్లలో మలిదేవుడు, అతని వెనక బ్రహ్మనాయుడు. నడుమ కోడిపోరు. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలి వెళ్లాలని పందెం. బ్రహ్మనాయుడి కోడి ఓడింది. మోసం జరిగిందని ఒక పక్షం, పందెం పందెమేనని ఒక పక్షం. ఆ తీర్పు ఎనిమిది వందల ఏళ్లు దాటినా తేలలేదు. ఏటా కార్తిక అమావాస్యకు కారెంపూడిలో వీరారాధన ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు. నాలుగో రోజు కోడిపోరు మళ్లీ జరుగుతుంది. ఎవరు ఓడతారో వచ్చినవాళ్లందరికీ తెలుసు. అయినా నాగులేటి ఒడ్డున జనం నిలబడి చూస్తారు. ఆ రాత్రి నాగమ్మది తప్పా, నాయుడిది తప్పా అని వాదించుకుంటూనే ఇళ్లకు పోతారు. నాగమ్మ కుట్రదారు అని పెరిగిన తరం ఉంది, ఆడది మంత్రిత్వం చేస్తే ఓర్వలేక అలా రాశారని అడిగే తరం ఉంది. ఈ కథతో వచ్చిన 1947 సినిమాలో కన్నాంబ వేసిన నాగమ్మనూ, 1966 సినిమాలో భానుమతి వేసిన నాగమ్మనూ పక్కపక్కన పెట్టి చూసినా ఈ వాదన తెగదు. ఒక ఆట మీద రెండు తీర్పులు ఉండటం మనకు కొత్త విషయం కాదు. దాంతోనే మనం బతుకుతున్నాం.

విమర్శ గురించి మాట్లాడేటప్పుడు అక్కిరాజు ఉమాకాంత విద్యాశేఖరుల్ని తలచుకోకుండా నేను ముందుకు పోలేను. 1889లో పుట్టి 1942లో కన్నుమూసిన ఆ పల్నాటి పండితుడు ఇరవై రెండేళ్ల వయసులో, 1911లో, శ్రీనాథుడి పేరున్న ‘పల్నాటి వీరచరిత్ర’ను పరిష్కరించి అచ్చు వేయించారు. ద్విపద అంటే పండితులు చిన్నచూపు చూసే కాలం అది. పైగా మాలపల్లెల వీరవిద్యావంతులు పాడుకునే కథ. దాన్ని కావ్యంగా నిలబెట్టి, ఎందుకు కావ్యమో వివరంగా పీఠిక రాశారు. ఆ తర్వాత అర్ధశతాబ్దానికి పైగా గడిచాక జీన్ రోఘైర్ అనే అమెరికన్ వచ్చి, అలిశెట్టి గాలెయ్య గొంతులో ఆ కథ విని, 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ఇంగ్లీషులో పుస్తకం తెచ్చారు. ఉమాకాంతం గారి తీర్పు సరైనదని చెప్పటానికి ఇంకెవరి సాక్ష్యమూ అక్కర్లేదు.

అదే మనిషి 1928లో ‘నేటికాలపు కవిత్వం’ రాశారు. భావకవులను వరసపెట్టి నిలదీశారు. నండూరి సుబ్బారావు గారి ఎంకిని క్షుద్రనాయిక అన్నారు. వాడల్లో పాడుకునే వీరగాథలో కావ్యాన్ని చూసిన కన్ను, పల్లెపిల్ల ఎంకిలో నాయికను చూడలేకపోయింది. ఈ తీర్పు తప్పని నేను గట్టిగా నమ్ముతాను. అయినా ఆ పుస్తకాన్ని నేను నాలుగైదుసార్లు చదివాను. ఎందుకంటే ఆయన నచ్చలేదని ఊరుకోలేదు. ఏ పద్యంలో, ఏ మాట దగ్గర, ఏ లక్షణం ప్రకారం, ఎందువల్ల అని చెప్పారు. కారణం కనిపిస్తోంది గనుకే ఎదురు నిలిచి వాదించగలుగుతున్నాం. ఎంకి నిలిచింది, ఆ పుస్తకమూ నిలిచింది. ఆయన ఎంకి పాటలకు నూటికి ముప్పై మార్కులు వేసి వదిలేసి ఉంటే ఈ రోజు మనకు ఏం మిగిలేది?

వీడియో గేముల లోకంలో జరుగుతున్నది ఇదే. 2001లో మొదలైన మెటాక్రిటిక్ అన్న సంస్థ సమీక్షకుల తీర్పులన్నిటినీ మార్కుల్లోకి మార్చి, సగటు కట్టి, నూటికి ఇన్ని అని ఒక అంకె చెబుతుంది. ఒకరు తొంభై అయిదు వేసి, ఒకరు అరవై వేస్తే మధ్యలో వచ్చే అంకె ఇద్దరిలో ఎవరి మాటా కాదు. 2010లో ‘ఫాలౌట్: న్యూ వేగస్’ అనే ఆట వచ్చింది. చేసిన అబ్సిడియన్ సంస్థకు 85 వస్తే అదనపు సొమ్ము ఇస్తామని ఒప్పందం. వచ్చింది 84. ఒక్క మార్కుతో ఆ సొమ్ము పోయిందని సంస్థలో ముఖ్యుడైన క్రిస్ అవెలోన్ 2012లో బయటపెట్టారు. విడుదలనాడు ఆ ఆటలో లోపాలు చాలా ఉన్న మాట నిజమే. కానీ ఈ రోజు ఆటగాళ్లు మంచి రచన ఉన్న ఆటలు ఏవని మాట్లాడుకుంటే ఆ పేరు రాక తప్పదు. తెలుగు సినిమా సమీక్షల్లో 2.75 చూసి చూసి మనకు ఈ జబ్బు బాగానే తెలుసు. సమీక్ష చదవకుండా కింద ఉన్న అంకె చూసి పేజీ తిప్పేస్తాం.

ఒకే ఆట మీద రెండు తీర్పులూ నిజమవడానికి ఒక కారణం ఉంది. దాని గురించి ఎక్కువమంది మాట్లాడరు. తీర్పు చెప్పేవాడు ఎక్కడ నిలబడి చూశాడు, ఎప్పుడు చూశాడు అన్నది. 2020 డిసెంబరు 10న ‘సైబర్‌పంక్ 2077’ విడుదలైంది. ముందుగా సమీక్షకులకు అందినది ఖరీదైన కంప్యూటర్ల మీద ఆడే ప్రతి. వాళ్లు మెచ్చుకున్నారు. పాత ప్లేస్టేషన్ ఉన్న మామూలు ఆటగాడింట్లో అదే ఆట అడుగడుగునా ఆగిపోయింది. వారం తిరిగేసరికి సోనీ సంస్థ దాన్ని తన దుకాణం నుంచే తీసేసింది. తర్వాత మూడేళ్లు మరమ్మతులు చేశారు. 2023 సెప్టెంబరులో వచ్చిన పెద్ద అప్‌డేట్ తర్వాత ఆడినవాళ్లు ఇది వేరే ఆట అన్నారు. మొదటి వారం తిట్టినవాళ్లు అబద్ధమాడారా? లేదు. మూడేళ్ల తర్వాత పొగిడినవాళ్లూ అబద్ధమాడలేదు.

పల్నాడు మీద శ్రీనాథుడి పేరుతో తిరిగే చాటువులను నేను ఇలాగే చదువుతాను. రాళ్లు, జొన్నకూడు, నీటికి కటకట. ఆయన చూసిన పల్నాడు అదే. ఆ పద్యాలు విని మనవాళ్లు నొచ్చుకోవటం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. కానీ మన వీరగాథ రాసిందీ ఆయనే అంటారు. ఒకే మనిషి ఒకే నేలను తిట్టాడు, అదే నేల కథకు గొంతు ఇచ్చాడు. 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడింది. 1967లో కుడికాలువకు నీళ్లు వదిలారు. కాలువ కింద వరి పండింది, జొన్నకూడు తినే ఇళ్లలో తెల్లన్నం ఉడికింది. ఆ చాటువులు అక్కడ పాతబడ్డాయి. అయితే వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు వెళ్లండి. వరికపూడిశెల ఎత్తిపోతల నీళ్ల కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్న మెట్టపొలాలు కనబడతాయి. అక్కడ నిలబడి చదివితే శ్రీనాథుడి తీర్పు నిన్న రాసినట్టుంటుంది. పల్నాడు బాగుపడిందా అంటే ఏ ఊరినుంచి అడుగుతున్నారో చెప్పమంటాను. ఒక ఆట బాగుందా అన్నా అంతే. ఏ ఫోన్ మీద, ఏ నెలలో, ఎన్ని గంటలు ఆడి అంటున్నారో చెప్పాలి.

ఆడకుండా చెప్పే తీర్పు మాత్రం తీర్పు కాదు. 2020 జూన్ 19న ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ వచ్చింది. పూర్తి చేయటానికి పాతిక గంటలు పట్టే ఆట. విడుదలైన రోజే వేలమంది సున్నాలు వేశారు. కథలో ఒక పాత్ర చనిపోతుందని, ఇంకో పాత్ర తీరు ఎలాంటిదో ముందే విని ఉన్నారు, అది వాళ్లకు నచ్చలేదు. సమీక్షకులు నెత్తిన పెట్టుకున్నారు, జనం నేలకేసి కొట్టారు. చివరికి విడుదలైన ముప్పై ఆరు గంటల దాకా ఆటగాళ్ల తీర్పులు తీసుకోకూడదని మెటాక్రిటిక్ నియమం పెట్టుకుంది. మంచి నియమం. పుస్తకం అట్ట చూసి ఉత్తరాలు రాసే పాఠకుల విషయంలో నేనూ అలాంటిది ఒకటి పెట్టాలని చాలాసార్లు అనుకున్నాను.

మన దగ్గరి కథ ఒకటి చెప్పాలి. 2009లో హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ వాళ్లు సోనీ కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ చేశారు. ప్లేస్టేషన్ 2 మీద ఆడేది. కన్సోల్ ఆటను పూర్తిగా మన దేశంలో తయారు చేయటం అదే మొదటిసారి అని అప్పట్లో గొప్పగా చెప్పుకున్నారు. ఆటగా చూస్తే బలహీనమైనదన్న మాట బలంగానే వినిపించింది. ఇంకోవైపు, అమెరికాలో ఉండే హిందూ నాయకుడు రాజన్ జెడ్, దేవుణ్ణి ఆడేవాడి చేతి మీటకు కట్టేశారని, ఆటను వెనక్కి తీసుకోవాలని అన్నారు. మూడు మాటలు, మూడు దారులు: గర్వం, నిరాశ, అభ్యంతరం. మన పత్రికలు వార్త వేసి ఊరుకున్నాయి. ఒక్క విమర్శకుడూ కలం పట్టలేదు.

ఎంత మంచి ప్రశ్న జారవిడుచుకున్నాం! వీధినాటకంలో హనుమంతుడి వేషం కట్టే నటుడు దీక్ష పడతాడు, మాంసం మానేస్తాడు, తనను దేవుడికి అప్పగిస్తాడు. ఇక్కడ ఆడేవాడి వేలికి దేవుడు అప్పగింత అయ్యాడు. వేలు తప్పితే హనుమంతుడు గోతిలో పడతాడు. ఇది దోషమా, భక్తిలోనే ఇంకో మెట్టా? తాళ్లు పట్టుకుని రాముణ్ణి ఆడించే తోలుబొమ్మల కళాకారుడికి ఇదే ప్రశ్న వేస్తే ఏమంటాడు? రసం ప్రేక్షకుడిలో పుడుతుందని అలంకారశాస్త్రం చెప్పింది. ప్రేక్షకుడే పాత్ర అయినప్పుడు రసం ఎక్కడ పుడుతుంది? తెలుగులో ఇన్ని శతాబ్దాల కావ్యచర్చ చేసినవాళ్లం, ఈ ప్రశ్నలు మనమే అడగాలి. ఇంకెవరూ మన మాటల్లో అడగరు.

అడగకపోవటానికి ఒక భయం కారణమని నాకు తెలుసు. పల్నాటి ఇళ్లలో ఆన్‌లైన్ గేమ్ అంటే డబ్బు పోగొట్టుకుని కుంగిపోయిన కుర్రాడి ముఖం గుర్తొస్తుంది. ఆ బాధ నిజం. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్లను నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చి డబ్బు పందేల ఆటలను ఒక పక్కకు, ఈ-స్పోర్ట్స్‌నూ మామూలు ఆటలనూ ఇంకో పక్కకు విడదీసింది. చట్టానికి కనబడిన ఆ తేడా సాహిత్యానికి ఇంకా కనబడలేదు. పల్నాటిని కాల్చింది కోళ్లు కొట్టుకోవటం కాదని, వాటిమీద రాజ్యాన్ని పందెం కాయటమని మన కథే చెబుతుంటే, ఆటకూ పందేనికీ తేడా తెలియనట్టు మాట్లాడటం మనకు తగదు.

కాబట్టి రెండు వ్యాసాలూ వేస్తున్నాం. మాస్టారిది ఎడమ పేజీలో, అమ్మాయిది కుడి పేజీలో. ఒకరిది చదివి ఇంకొకరు రాసిన జవాబులు కూడా వచ్చే సంచికలో వస్తాయి. ఇక మీదట ప్రతి సంచికలో ఆట మీద ఒక వ్యాసం ఉంటుంది. ఏ ఆటైనా సరే, ఫోన్‌దైనా, కంప్యూటర్‌దైనా, ఊరి అరుగు మీద గీసుకుని ఆడే పులి-మేకైనా సరే. రాసేవాళ్లకు మా కోరిక ఇంతే: మీరు ఆడి రాయండి, దేనిమీద ఆడారో, ఎన్నాళ్లు ఆడారో చెప్పండి, నచ్చితే ఎక్కడ నచ్చిందో, నచ్చకపోతే ఎక్కడ విరిగిందో చూపించండి. మార్కులు వేయకండి. వేసినా అచ్చు వేయం. వ్యాసాలు ఈ నెలాఖరులోగా నరసరావుపేట కార్యాలయానికి అందాలి.