పక్క ఊళ్ళో పేరు

ఎడిసన్‌లో మా బావగారికి చిన్న కేటరింగ్ వ్యాపారం ఉంది. "ఏమోయ్, ప్లెయిన్స్‌బరో వాళ్ళు గూగుల్‌లో వెదికితే మనం కనబడమేం?" అన్నారోసారి. సాఫ్ట్‌వేరువాణ్ణి కదా, ఒక్క శనివారంలో, ఊరి పేరు మాత్రమే మార్చి పదిహేను పేజీలు తయారుచేసి ఇచ్చాను. మూడు నెలలు గడిచినా ఒక్క ఫోనూ రాలేదు.

తప్పు నాదే. ఇలాంటివాటిని గూగుల్ 'డోర్‌వే' పేజీలంటుంది. 2015లోనే వాటిపై పట్టు బిగించింది. స్థానిక ఫలితాలకు అది చెప్పే కొలతలు మూడు: వెదికినదానికి పొంతన, దూరం, పేరుప్రఖ్యాతులు. దూరం మన చేతిలో లేదు. పోస్టుబాక్సు అద్దెకు తీసుకుని ఆఫీసని చూపడం నిబంధనలకు విరుద్ధం. మిగిలిన రెండూ సంపాదించుకోవలసినవే.

ఆ పదిహేనూ తీసేసి, ప్లెయిన్స్‌బరోకి ఒకే పేజీ పెట్టాం. అక్కడ వడ్డించిన గృహప్రవేశం భోజనాల ఫోటోలు, మెనూ, డెలివరీ ఖర్చు, అంతే. తిన్నవాళ్ళని ఉన్నదున్నట్టు రివ్యూ రాయమని బావగారు అడుగుతున్నారు. ఫోన్లు ఒకటీ అరా మొదలయ్యాయి.

మనవాళ్ళ దుకాణాలకి మనం ఉచితంగానే సాయం చేస్తాం. కానీ మన చిట్కా బెడిసికొడితే పోయేది వాళ్ళ పేరు. పక్క ఊళ్ళో కనబడాలంటే ముందు అక్కడ వడ్డించాలి. ఏమంటారు?