ఎం-బుక్కా, ఎస్టిమేటా?

డల్లాస్‌లో మా రూమ్మేట్ తమ్ముడికి ఎమ్మెస్ ఫైనాన్స్ కాగానే రెండు ఉద్యోగాలొచ్చాయి. ఫండ్ అకౌంటింగ్‌లో జీతం ఎక్కువ. చిన్న బ్యాంకులో క్రెడిట్ అనలిస్టుకి తక్కువ. ఊళ్లో పొలం తాకట్టులో ఉంది. కానీ ఎప్పటికైనా పెట్టుబడులు నిర్ణయించే కుర్చీలో కూర్చోవాలని అతని ఆశ. "ఏది పట్టమంటావన్నా?" అన్నాడు.

డిప్లొమా చదివి సైటు సూపర్‌వైజరునైన నాకు తెలిసిందొకటే. ఎం-బుక్ రాసేవాడు అయిపోయిన పని కొలుస్తాడు. ఎస్టిమేటు వేసేవాడు కాబోయే ఖర్చు ముందే అంచనా కడతాడు. ఫండ్ అకౌంటింగ్ ఎం-బుక్ లాంటిది. అప్పివ్వొచ్చా లేదా అని కంపెనీ లెక్కలు తిరగేసే క్రెడిట్ పని ఎస్టిమేటు. పెట్టుబడికి అదే దగ్గర దారి.

అయితే వీసా మరవొద్దు. ఓపీటీ 12 నెలలే. డిగ్రీ స్టెమ్ జాబితాలో, కంపెనీ ఈ-వెరిఫైలో ఉంటేనే మరో 24. అది ఉందంటే, అప్పు ఏడాది ఆలస్యంగా తీరినా సరే, క్రెడిట్ పనే పట్టు తమ్ముడూ!