మా వసారా కబుర్లు: ఓడలో పద్దెనిమిది, ఒడ్డున ఇరవై ఒకటి

పోయిన వేసవిలో నాకు డెబ్బై నిండాయి. గుళ్ళో అర్చన చేయించుకుని, ఇంట్లో పులిహోర, పరమాన్నం తిని ఊరుకుందామనుకున్నాను. పిల్లలు ఒప్పుకోలేదు. న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయి, బెంగళూరులో ఉన్న మా అమ్మాయి ఫోన్లలోనే కూడబలుక్కుని, సింగపూరు నుంచి బయలుదేరే విహార నౌకలో నాలుగు రాత్రుల ప్రయాణానికి టిక్కెట్లు తీసేశారు. పెరంబూరు రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు రైలంటే తెలుసు గానీ ఓడంటే ఏం తెలుసు? అందరం ఒకచోట కలుస్తాం కదా అన్న ఆశతో మా ఆవిడా నేనూ బయలుదేరాం.

ఓడలోని వింతలు మరోసారి రాస్తాను. ఈసారి మొదటి రాత్రి భోజనాల బల్ల దగ్గర జరిగిన సంగతి మాత్రమే చెబుతాను.

ఓడ ఎక్కేటప్పుడు తలా ఒక కార్డు ఇస్తారు. గది తాళంచెవీ అదే, ఖర్చు రాసుకునే పద్దుపుస్తకమూ అదే. పాస్‌పోర్టులో పుట్టినతేదీ చూసి, ఎవరికి మద్యం అమ్మవచ్చో ఎవరికి కూడదో ముందే లెక్కల్లో ఎక్కించేస్తారు. మా బల్ల దగ్గరికి వచ్చిన వెయిటరు కుర్రాడు కార్డులన్నీ చూసి, మా అబ్బాయి కూతురితోనూ అమ్మాయి కొడుకుతోనూ, "మీకు వైన్ తెమ్మంటారా?" అన్నాడు. మనవరాలికి పందొమ్మిది, మనవడికి ఇరవై.

బల్ల చుట్టూ మాటలు ఆగిపోయాయి. "వీళ్ళకింకా ఇరవై ఒకటి నిండలేదు" అంది మా కోడలు. ఆ కుర్రాడు వినయంగా, "ఈ ప్రయాణంలో పద్దెనిమిది చాలు మేడమ్" అన్నాడు.

ఇద్దరి మాటా నిజమే. రెండేళ్ళ క్రితం మా అబ్బాయి వాళ్ళు ఫ్లోరిడా నుంచి ఓడ ఎక్కినప్పుడు అక్కడి నియమం ఇరవై ఒకటి. ఎందుకిలా అని తరువాత మా అబ్బాయిని కూర్చోబెట్టి అడిగాను. ఉద్యోగ విరమణ అయ్యాక నాకు పని ఇదేగా!

అమెరికాలో 1984లో ఒక చట్టం చేశారు. ఇరవై ఒకటి నిండనివారికి మద్యం అమ్మనిచ్చే రాష్ట్రానికి, రహదారులకు ఇచ్చే కేంద్ర నిధుల్లో కొంత కోత పెడతామన్నారు. కుర్రవాళ్ళు తాగి కార్లు నడిపి చనిపోతుండడమే దానికి ప్రధాన కారణం. 1988 నాటికి రాష్ట్రాలన్నీ దారికొచ్చాయి. అది నేల మీద మాట. నీటి మీద లెక్క వేరు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 22 కిలోమీటర్ల దాకా ఆ దేశపు సముద్రం. అదీ దాటి నడి సముద్రానికి వెళితే, 1982 నాటి అంతర్జాతీయ సముద్ర ఒప్పందం ప్రకారం ఓడ ఏ దేశపు జెండా ఎగరేస్తే ఆ దేశపు చట్టం చెల్లుతుంది. విహార నౌకల్లో చాలావాటి మీద ఎగిరేది బహామాస్, పనామా, మాల్టా వంటి చిన్న దేశాల జెండాలే. బహామాస్‌లో మద్యం వయసు పద్దెనిమిది. అయినా అమెరికా రేవుల నుంచి బయలుదేరే ఓడల్లో కంపెనీలు తమంతట తామే ఇరవై ఒకటి అని గీత గీసుకున్నాయి.

అదే కంపెనీ వేరే ఖండానికి వెళితే గీత జరుగుతుంది. రాయల్ కరీబియన్ వారినే తీసుకోండి. ఉత్తర అమెరికా నుంచి బయలుదేరితే ఇరవై ఒకటి. ఆసియా, ఐరోపా, ఆస్ట్రేలియాల నుంచి అయితే పద్దెనిమిది. సింగపూరులో చట్టం కూడా పద్దెనిమిదే కనుక మా ఓడలో అదే నడిచింది. నార్వేజియన్ వారిది ఇంకో పద్ధతి. పద్దెనిమిది నుంచి ఇరవై ఏళ్ళ పిల్లలతో తల్లిగానీ తండ్రిగానీ ఉండి, కాగితం మీద సంతకం పెడితే, బీరూ వైనూ వరకు అనుమతిస్తారు. అలాస్కా, హవాయి ప్రయాణాల్లో అదీ లేదు. ఏ ఎండకా గొడుగన్నమాట!

నవ్వుకోకండి, మన సంగతి మాత్రం ఏం తక్కువ? ఈ పత్రిక చదివే ఇళ్ళనే చూడండి. మా తమిళనాడులో ఇరవై ఒకటి, ఒడిశాలో ఇరవై ఒకటి. మహారాష్ట్రలో బీరుకీ వైనుకీ ఇరవై ఒకటి, ఘాటు సరుక్కి ఇరవై అయిదు. కర్ణాటకలో 2023 జనవరిలో ఇరవై ఒకటిని పద్దెనిమిదికి తగ్గిస్తామని ముసాయిదా తెచ్చి, విమర్శలు రాగానే వెనక్కి తీసుకున్నారు. యానాం వారికి పుదుచ్చేరి నియమం కనుక పద్దెనిమిది. ఊరి పొలిమేర దాటి ఆంధ్రలో కాలు పెడితే ఇరవై ఒకటి. అదే గోదావరి నీళ్ళు, అదే కుర్రాడు. ఇటు పెద్దవాడు, అటు చిన్నవాడు.

మళ్ళీ మా బల్ల దగ్గరికి వస్తాను. మా ఆవిడ మనవణ్ణి ఏమీ అనలేదు గానీ, మనవరాలి వైపు తిరిగి, "ఆడపిల్లవి, నీకెందుకే తల్లీ అవన్నీ" అంది. దానికి రోషం వచ్చింది. "బావకి ఎందుకు చెప్పవు నానమ్మా? అసలు మన ఇంట్లో ఎవరూ దీని గురించి ఎందుకు మాట్లాడరు? చిన్నతాతయ్య ఎలా పోయారని ఎప్పుడు అడిగినా, లివర్ జబ్బు అని మాట మార్చేస్తారు" అంది.

చిన్నతాతయ్య అంటే నా తమ్ముడు. నాకంటే ఆరేళ్ళు చిన్న. నలభై ఒకటో ఏట పోయాడు. లివర్ జబ్బే, అబద్ధం కాదు. కానీ ఆ జబ్బు ఎలా వచ్చిందో మా ఇంట్లో ఎవరూ నోరు విప్పి చెప్పలేదు.

ఆ రాత్రి నేను చెప్పాను. వాడు మొదలుపెట్టింది సరిగ్గా పందొమ్మిదో ఏట, కాలేజీ స్నేహితులతో. రాత్రి పొద్దుపోయి వచ్చేవాడు. నాన్నగారు నిద్రలేవకుండా నేను చప్పుడు కాకుండా పెరటి తలుపు తీసేవాణ్ణి. నోట్లో వేసుకోమని సోంపు కూడా ఇచ్చేవాణ్ణి. తమ్ముణ్ణి కాపాడుతున్నాననుకున్నాను. రెండు మూడేళ్ళకి అది రోజువారీ అలవాటైంది. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, ఉద్యోగం ఊడింది. మా మరదలు బట్టలు కుట్టి ఆ పిల్లల్ని చదివించింది. "ఏరా, ఏమిటిది?" అని మొదట్లోనే నేను అడిగి ఉంటే వాడు ఆగేవాడా? చెప్పలేను. అడగలేదన్నది మాత్రం నిజం.

గిన్నెల్లో సూప్ చల్లారిపోయింది. పెరటి తలుపు సంగతి నా పిల్లలకే తెలియదు. మా ఆవిడకీ తెలియదు.

"తాగమని నేను చెప్పను. తాగమని ఒట్లూ వేయించుకోను" అన్నాను మనవలతో. "ఇలాంటి అలవాటు కొన్ని కుటుంబాల్లో తేలిగ్గా ముదురుతుందని డాక్టర్లు అంటారు. మన ఇంట్లో ఒకణ్ణి తీసుకుపోయింది. ఆ సంగతి తెలిసి మీరు నిర్ణయించుకోండి. ఒకటే కోరిక. ఏం చేసినా పెరటి తలుపు దారిన రాకండి."

ఇది సినిమా అయితే ఇద్దరూ కళ్ళనీళ్ళతో నా కాళ్ళకు మొక్కేవారు. అలాంటిదేమీ జరగలేదు. మనవడు కాస్త మొహమాటపడుతూనే ఒక బీరు తెప్పించుకుని, మా ఎదుటే తాగి, సగం వదిలేశాడు. మనవరాలు నిమ్మరసం చాలంది. కాసేపాగి తండ్రి వైపు చూసి, "పోయిన ఏడాది హాస్టల్లో ఒకసారి తాగాను నాన్నా. భయమేసి చెప్పలేదు" అంది. కోడలి ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయింది. మా అబ్బాయి ఆమె చేయి పట్టుకుని ఆపి, "ఇప్పుడు చెప్పావుగా" అన్నాడు కూతురితో. తరువాత తల్లీకూతుళ్ళిద్దరూ పైన డెక్కు మీద చాలాసేపు మాట్లాడుకోవడం చూశాను. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

ఈ మధ్య మనవాళ్ళు కూడా ఓడ ప్రయాణాలకు బాగానే వెళుతున్నారు. ఎదిగిన పిల్లలతో వెళ్ళేవారికి నా మాట ఒకటి. టిక్కెట్టు కొనేముందే, ఆ ప్రయాణానికి మద్యం వయసు ఎంతో, పిల్లల కోసం పెద్దలు సంతకం పెట్టవలసిన కాగితం ఏదైనా ఉందో కంపెనీ వారిని అడిగి తెలుసుకోండి. ఇవి రేవును బట్టి మారతాయి, ఏడాదికేడాది కూడా మారవచ్చు. కాగితం ఉంటే, సంతకం పెడతారో లేదో ఇంట్లోనే పిల్లలతో కూర్చుని తేల్చుకోండి. వెయిటరు వచ్చి నిలబడ్డాక తేల్చుకునే విషయం కాదది. అమ్మవచ్చా కూడదా అన్నదే కార్డు చెబుతుంది. మిగతాది మనమే చెప్పాలి.

చెన్నై చేరాక మా మరదలికి ఫోన్ చేసి, పిల్లలకు అంతా చెప్పేశానన్నాను. తప్పు చేశానేమోనని లోపల బెరుకుగానే ఉంది. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇన్నాళ్ళకి చెప్పారా బావగారూ! మా పిల్లలకు కూడా మీరే చెప్పండి. పెరటి తలుపు సంగతి నాకు పెళ్ళయిన కొత్తల్లోనే ఆయన చెప్పారు" అంది.

వచ్చే ఆదివారం వాళ్ళింటికి భోజనానికి వెళుతున్నాం.