అమ్మాయికి జూలూ ఎందుకు అంటారా?

మా మనవరాలికి పదమూడేళ్లు. వచ్చే ఏడాది స్కూల్లో రెండో భాష ఎంచుకోవాలి. ఆఫ్రికాన్స్ లేదా జూలూ. తనకు జూలూ కావాలి. వాళ్ల నాన్న వద్దంటున్నాడు. "ఆఫ్రికాన్స్‌లో మార్కులు సులువుగా వస్తాయమ్మా, మెడిసిన్ సీటుకు మార్కులే కదా కావాలి" అన్నాడు నాతో.

వాడి మాటలో నిజం ఉంది. ఇంట్లో జూలూ వినని పిల్లలకు అది కష్టమే. సి, క్యూ, ఎక్స్ అక్షరాలకు నాలుకతో టక్కుమని చప్పుడు చేయాలి. అరవై దాటిన నా నాలుక ఇంకా మాట వినడం లేదు. కానీ మా క్వాజులూ-నాటాల్‌లో పదిమందిలో దాదాపు ఎనిమిది మంది ఇంట్లో మాట్లాడేది జూలూ. రేపు ఈ పిల్ల డాక్టరైతే ఎదురుగా కూర్చునేది వాళ్లే. ఇక్కడి యూనివర్సిటీ కూడా 2014 నుంచి కొత్తగా చేరే పిల్లలకు జూలూ తప్పనిసరి చేసింది. ఎలాగూ నేర్చుకోవాల్సిందే, ఇప్పుడే ఎందుకు కాకూడదు?

మా అన్నయ్యలను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. వాళ్లు కొట్లో, మార్కెట్లో తిరిగి జూలూ పట్టేశారు. మేము ఆడపిల్లలం, ఇంట్లోనే ఉన్నాం. ఆ రోజుల్లో భారతీయుల స్కూళ్లు వేరు. మాకు ఇంగ్లీషు, ఆఫ్రికాన్స్ చెప్పారు, చుట్టూ ఉన్నవాళ్ల భాష చెప్పలేదు. మాకు వచ్చింది ఫనగలో ఒక్కటే. చెరకు తోటల్లో, గనుల్లో పని చేయించడానికి వాడిన కలగాపులగం భాష. మా అవ్వ తోట బ్యారక్స్‌లో అదే నేర్చింది. రా, తే, తొందరగా చెయ్యి. అన్నీ ఇలాంటి మాటలే. "ఒంట్లో ఎలా ఉందమ్మా" అని అడగడం మాకు ఎవరూ నేర్పలేదు.

మా గుడిలో శనివారం అన్నం పెడతాం. వరుసలో ఎక్కువమంది జూలూ ముసలమ్మలే. చాలా ఏళ్లు నేను వాళ్లతో "రా, తీసుకో" అనే అన్నాను. ఒకసారి ఒక ఆవిడ గిన్నె చాపలేదు. "సానిబోనా" అంది. నేను బదులు చెప్పేదాకా అలాగే నిలబడింది. సావుబోనా అంటే నిన్ను చూస్తున్నాం అని. పెద్దవాళ్లతో సానిబోనా అంటారు, మన "మీరు" లాగా. అన్నేళ్లూ నేను ఆవిడ ముఖం చూడకుండానే అన్నం వడ్డించానన్నమాట. చాలా సిగ్గేసింది. ఆ సాయంత్రమే ఒక నోట్‌బుక్ కొన్నాను.

"ముందు తెలుగు నిలబెట్టండి, తర్వాత జూలూ" అంటారు మా గుడిలో పెద్దలు. మన తెలుగు పోయింది జూలూ వల్ల కాదు, ఇంగ్లీషు వల్ల. అందుకు నేనే సాక్షిని. 1996 రాజ్యాంగంలో తెలుగు పేరు ఉంది (స్పెల్లింగ్ "తెలెగు" అని పడింది, అది వేరే బాధ). పేరు ఉన్నంత మాత్రాన మన నోటికి భాష రాలేదు కదా.

పైగా ఒక భాష ఇంకో భాషకు సాయం చేస్తుంది. తెలుగులో వెళ్తాను, వెళ్తావు, వెళ్తాం అని మాట చివర మారుతుంది. జూలూలో న్గియాహాంబా, ఉయాహాంబా, సియాహాంబా అని మొదలు మారుతుంది. ఒకదానికి తోక, ఒకదానికి తల. ఇది చూశాకే నాకు తెలుగు క్రియలంటే భయం తగ్గింది. జూలూలో పెద్దావిడను "మామా" అని పిలుస్తారు. ఎవరైనా నన్ను అలా పిలిస్తే మనవరాలికి నవ్వు ఆగదు. "అవ్వా, నువ్వు ఎవరికి మామవి?" అంటుంది. రెండు భాషలూ తెలిస్తేనే ఆ నవ్వు వస్తుంది.

స్కూలు ఫారం ఇంకా మా ఫ్రిజ్‌కు అంటించి ఉంది. మా అబ్బాయి సంతకం పెట్టలేదు. ఈ ఆదివారం భోజనానికి వస్తాడు. జూలూ ట్యూషన్ డబ్బు నేను కడతానని చెప్తాను. మార్కులు తగ్గితే ఆ తిట్లు కూడా నేనే తింటానని చెప్తాను.