మందలింపు వేరు, దండన వేరు

ప్రేమ ఉన్నచోట దండన ఉంటుందని ఒక మాట చిరకాలంగా చెలామణి అవుతున్నది. బడిలో బెత్తం పట్టినవాడూ, ఇంట్లో చేయి చేసుకొన్నవాడూ, జైలుకు తాళం వేసినవాడూ ఆ మాటనే అడ్డు పెట్టుకొంటారు. హీబ్రూ గ్రంథాలను దానికి సాక్ష్యంగా పిలుస్తారు. దేవుడు తాను ప్రేమించినవానినే శిక్షిస్తాడని సామెతల గ్రంథంలో లేదా అని అడుగుతారు. సాక్షిని పిలిచినవారు ఆ సాక్షి చెప్పేదంతా వినవలె. విన్నట్లయితే ఆ సాక్ష్యం వారికే ఎదురు తిరుగుతుంది.

తెలుగు బైబిలులో "గద్దింపు" అన్నచోట చాలాసార్లు హీబ్రూ మూలంలో ఉన్న మాట "తోకహత్". గద్దింపు అనగానే తెలుగు చెవికి హెచ్చిన గొంతు వినిపిస్తుంది. హీబ్రూ ధాతువులో ఉన్నది గొంతు కాదు, వాదం. తప్పును ఎదుట పెట్టి నిరూపించడం, న్యాయాన్యాయాలు తేల్చుకోవడం దాని అర్థం. యెషయా గ్రంథం మొదటి అధ్యాయంలో దోషులైన ప్రజలను దేవుడు తనతో వాదించి తేల్చుకోవడానికి రమ్మని పిలిచినప్పుడు వాడినది ఆ ధాతువునే. పిలిచినవాడు సర్వశక్తిమంతుడు, అయినను అవతలివానికి నోరు ఉన్నదని ఒప్పుకొన్న తరువాతనే పిలిచినాడు.

లేవీయకాండం 19వ అధ్యాయం ఈ సంగతిని ఇంకా స్పష్టం చేస్తుంది. సోదరుణ్ణి మనస్సులో ద్వేషించరాదని మొదట చెప్పి, పొరుగువానిని తప్పక మందలించమని వెంటనే ఆజ్ఞాపించి, తరువాతి వచనంలో అతనిని తనవలె ప్రేమించమంటుంది. అనగా ద్వేషం నుంచి ప్రేమకు పోయే దారిలో మందలింపు ఒక వంతెన. అది పొరుగువానికి పొరుగువాడు చేసేది. ఆదికాండంలో పరదేశి అయిన అబ్రాహాము, బావిని లాగుకొన్నందుకు రాజైన అబీమెలెకును నిలదీసినాడు. తనకు ఆ సంగతి తెలియదని రాజు జవాబు చెప్పినాడు. కథ ఒడంబడికతో ముగిసింది. ఈ ఘట్టాన్ని వ్యాఖ్యానిస్తూనే మందలింపు లేని ప్రేమ ప్రేమ కాదని యూదు పండితులు అన్నారు. ప్రవక్త నాతాను దావీదు తప్పును దావీదు ముఖానే చెప్పినాడు. ఈ రెండు కథల్లోనూ మందలింపు కింది నుంచి పైకి పోయింది. బలవంతుని చేతి కర్రకు ఈ మాట పేరు పెట్టేవారు ఈ కథలను ఎందుకు మరచిపోతారు?

ఆ మరుపు ఫలితం ఎట్టిదో చూడదలచినవారు అండమాను దీవుల చరిత్ర చూడవలె. 1857 తిరుగుబాటు తరువాత, 1858 మార్చిలో, బ్రిటిషు ప్రభుత్వం అక్కడ ఖైదీల వలసను స్థాపించింది. శిక్షించడమే కాదు, మనుషులను బాగుచేయడం కూడా తమ పని అని పాలకులు చెప్పుకొన్నారు. కొందరు ఖైదీలకు భూమి దొరికిన మాట, కుటుంబాలు ఏర్పడిన మాట నిజమే. కాని 1896 నుంచి 1906 వరకు ఆ ప్రభుత్వం కట్టించిన సెల్యులర్ జైలు అసలు సంగతి బయటపెట్టింది. నడిమి గోపురం నుంచి ఏడు విభాగాలు చక్రపు ఆకులవలె చీలినవి. ఒక విభాగంలోని గదుల ముఖం పక్క విభాగపు వీపు వైపునకు తిరిగి ఉండేది. ఖైదీకి మరొక ఖైదీ ముఖం కనపడరాదు, మాట వినపడరాదు. జవాబును గోడలతోనే నిషేధించిన కట్టడం అది. మందలింపునకు ముఖాముఖి కావలె. అక్కడ ముఖమే లేదు.

1933లో ఆ జైలులోని రాజకీయ ఖైదీలు నిరాహారదీక్ష పట్టినారు. బలవంతంగా ఆహారం ఎక్కించే ప్రయత్నాల నడుమ మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మోయిత్ర మరణించినారు. తరువాత ప్రభుత్వం కొన్ని కోరికలను అంగీకరించక తప్పలేదు. ఆ దీవిలో హీబ్రూ అర్థంలో మందలింపు ఎవరు చేసినట్లు? బాగుచేస్తామన్నవారా, ఆకలితో తప్పును ఎదుట పెట్టినవారా? అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాము మల్లుదొర అండమాను ప్రవాసశిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికైనాడు. నోరు మూయించదలచిన రాజ్యం పోయింది. మనిషి చట్టసభలో కూర్చున్నాడు.

దండన మాత్రమే కాదు, లాలన కూడా ఇట్లే దారి తప్పగలదు. 1863లో అండమాను ఆదివాసులను నాగరికులను చేయడానికి "అండమాను గృహాలు" పెట్టినారు. తిండి పెట్టినారు, అలవాట్లు మార్పించినారు. వారి తప్పేమిటో వారితో తేల్చుకొన్నవారు లేరు. బయటివారితో సాంగత్యం వల్ల రోగాలు వచ్చినవి. 1877లో తట్టు ప్రబలింది. గ్రేట్ అండమానీలు 1901 జనగణనలో 625 మంది, 1961 నాటికి 19 మంది. వినడం తెలియని ప్రేమ ఇంతటి పని చేయగలదు.

సామెతల గ్రంథంలో బెత్తం లేదా అంటే, ఉన్నది. దాచనక్కరలేదు. కాని ఆ గ్రంథమే తెలివిగలవానికి ఒక మందలింపు మాట నాటినంత లోతుగా మూర్ఖునికి నూరు దెబ్బలు నాటవని చెబుతున్నది. శిక్షించే దేవుణ్ణి అది తండ్రితో పోల్చింది, జైలరుతో కాదు. తండ్రి కొడుకుతో ఒకే ఇంట ఉంటాడు. కొడుకు చెడితే తానూ చెడుతాడు. ఆ పాలుపంపులు లేనివాడు తండ్రి మాటను అరువు తెచ్చుకోరాదు.

ఇక మందలింపే వద్దు, ఎవరి దారి వారిదే అనేవారు కూడా ఈ గ్రంథాలనుంచి తప్పించుకోలేరు. పొరుగువాని తప్పు చూచి ఊరకున్నవాడు సహనశీలి కాడు, ఆ తప్పులో భాగస్వామి. ఈ తరంలో మందలింపును స్వీకరించగలవాడు ఉన్నాడా అని తల్మూదులో రబ్బీ తర్ఫోన్ సందేహించినాడు. మందలించడం తెలిసినవాడు ఉన్నాడా అని రబ్బీ ఎలాజర్ బెన్ అజర్యా సందేహించినాడు. ఎదుటివాని ముఖం సిగ్గుతో పాలిపోయేటట్లు మందలిస్తే ఆ పాపం మందలించినవానిదే అని కూడా ఆ పండితులు హద్దు గీసినారు.

సెల్యులర్ జైలు 1979లో జాతీయ స్మారకమైనది. అక్కడ పరాయి ప్రభుత్వాన్ని మాత్రమే నిందించి తిరిగి వచ్చినవాడు సగమే చూచినట్లు. బడిలో, ఇంట్లో, ఠాణాలో "నీ మేలు కోసమే" అంటూ చేయి లేచినప్పుడల్లా అడగవలసిన ప్రశ్న ఒకటే: ఎదుటివాడు తిరిగి మాట్లాడవచ్చునా? మాట్లాడవచ్చునంటే అది మందలింపు. కూడదంటే దానికి ప్రేమ అనే పేరు చెల్లదు.